కృష్ణా తీరం, వోల్టా తీరం

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టాక మొదట తగిలే సీమల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్నాయి. గద్వాలకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు నదుల నడుమ ఉన్నందుకే ఆ గడ్డకు నడిగడ్డ అని పేరు. వనపర్తి, కొల్లాపురం కృష్ణకు ఉత్తరాన ఉన్న ఊళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ, తూర్పు భాగాల్లో చాలామేర నల్లమల అడవి. ఇన్ని నీళ్లు, ఇంత అడవి, నల్లరేగడి, చల్కనేలలు ఉన్న ఈ సీమను దేశం దశాబ్దాల పాటు మహబూబ్‌నగర్ పాత పేరుతో, ఒకే మాటగా గుర్తుపెట్టుకుంది: పాలమూరు లేబర్. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా అక్కడ తట్టలు మోసిన వాళ్లలో ఈ ఊళ్ల మనుషులు ఉన్నారు. వాళ్ల సొంత చేలు మాత్రం వాన కోసం ఎదురుచూశాయి.

ఆఫ్రికాలో కొత్తగా స్వతంత్రం తెచ్చుకున్న దేశాల కష్టాల గురించి చదివేవారికి ఈ చిత్రం కొత్తగా కనిపించదు. పశ్చిమాఫ్రికాలోని ఘనా అందుకు మంచి ఉదాహరణ. ఆ దేశానికీ ఈ సీమకూ ఒక పాత సంబంధం కూడా ఉంది. 1953 నాటికి ఘనా ఇంకా గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస రాజ్యం. ఆ ఏడు భారత ప్రభుత్వం అక్కడి ఆక్రా నగరంలో ప్రతినిధి కార్యాలయం తెరిచింది. ఆక్రాలో భారత కమిషనర్‌గా పనిచేసిన జె. రామేశ్వరరావు వనపర్తి సంస్థానపు చివరి రాజా. 1957 మార్చి 6న ఘనా స్వతంత్ర దేశమైంది. ఆ ఏడే ఆయన మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. దాన్ని ప్రారంభించడానికి నెహ్రూ వచ్చారు. పల్లెసీమలో సాంకేతిక విద్య పెట్టాలన్న ఆలోచన ఆ రోజుల్లో చాలా పెద్దది.

వర్ధమాన దేశాల చిక్కులను ఆర్థికం, రాజకీయం, భద్రత అని మూడు అధ్యాయాలుగా రాయడం పాఠ్యగ్రంథాల పద్ధతి. ఘనాను చూసినా, పాలమూరు దక్షిణ జిల్లాలను చూసినా ఆ మూడింటికీ వేరు ఒక్కటే. నీళ్లు, ఖనిజం, అడవి, మనిషి శ్రమ ఎక్కడుంటాయో అక్కడి వాళ్లకు వాటి మీద నిర్ణయం చేసే చోటు దక్కలేదు. మిగతా కష్టాలన్నీ దాన్నుంచి పుట్టుకొచ్చినవే.

నిజాం కాలంలో ఈ ప్రాంతం చాలావరకు సంస్థానాల కింద ఉండేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాధీశులు నిజాముకు పేష్కష్ (కప్పం) కట్టి తమ గ్రామాలను తామే పాలించుకునేవారు. గద్వాల కవులకూ పండితులకూ పేరుపొందిన ఆస్థానం. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఇప్పటికీ గద్వాల నుంచి జోడు పంచెలు వెళ్తాయి. ఆ వైభవం నిజమే, కానీ దాని ఖర్చు భరించింది రైతు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌల్దారీ చట్టం వచ్చాయి. శిస్తు చెల్లించే చోటు మారింది. పెద్ద కమతాలు చిన్నవయ్యాయి గాని, చాలా ఊళ్లలో మంచి నేల, బావి ఉన్న నేల పాత పెద్దల చేతుల్లోనే మిగిలింది. కూలీకి దొరికింది బీడు. వాన తప్పిన ఏడు అది కూడా అక్కరకు రాలేదు.

వలస అక్కడ మొదలైంది. దాన్ని కరువు పుట్టించిందనడం సగమే నిజం. కరువు మనిషిని ఊరు దాటిస్తుంది. ఎక్కడికి పోవాలో, ఎంతకు పోవాలో తేల్చింది మాత్రం గుంపు మేస్త్రి పద్ధతి. కాంట్రాక్టరు మేస్త్రికి అడ్వాన్సు ఇస్తాడు. మేస్త్రి ఊళ్లో ఇంటింటికీ తిరిగి, పెళ్లికో జబ్బుకో అప్పు కావలసిన వాళ్లకు ఆ డబ్బు పంచి, గుంపు కడతాడు. పని మొదలయ్యేసరికి కూలీ అప్పులో ఉంటాడు. తిండి, దారి ఖర్చు అందులోనే కోత. లెక్క మేస్త్రి నోటిలో ఉంటుంది. పని ముగిసి ఊరికి వచ్చినప్పుడు చేతిలో మిగిలింది మళ్లీ అడ్వాన్సు తీసుకోవడానికి సరిపోయే పేదరికం. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చాయి. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, కూలీల పేర్లు నమోదు కావాలని, రాకపోకల భత్యం ఇవ్వాలని రెండో చట్టం చెప్పింది. బొంబాయి, పుణె సైట్లకు పోయిన పాలమూరు కూలీల్లో ఈ కాగితం చూసినవాళ్లు ఎంత తక్కువో ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

ఘనాలో ఇదే కథ ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచింది. బ్రిటిష్ వాళ్లు దక్షిణ అడవుల్లో కోకో తోటలను, గనులను ప్రోత్సహించారు. ఉత్తర ప్రాంతానికి రోడ్లు, బడులు, పంటల మీద పెట్టుబడి పెట్టలేదు. అక్కడి యువకులు గనులకు, తోటలకు కూలీలుగా దిగారు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ బాట చెరగలేదు. ఇవాళ ఆక్రా బజార్లలో నెత్తిమీద బరువులు మోసే ఉత్తరాది ఆడపిల్లలను కాయాయే అంటారు. తలదాచుకోవడానికి ఇల్లు లేక బజారు అరుగుల మీద నిద్రపోయే ఆ పిల్లలకూ, ముంబయి భవనాల కింద రేకుల గుడిసెల్లో పిల్లల్ని పెంచిన పాలమూరు తల్లులకూ చాలా దగ్గరి పోలిక ఉంది.

ఇక నీళ్ల సంగతి. తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) ఆనకట్టను హైదరాబాద్ రాష్ట్రం మొదలుపెట్టింది. దాని కాలువ కింద అలంపూర్ ప్రాంతంలో 87,500 ఎకరాలు పారాలి, అందుకు 15.9 టీఎంసీలు రావాలి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఆనకట్ట, కాలువ పైభాగం మైసూరు రాష్ట్రానికి (ఇప్పటి కర్ణాటక) పోయాయి, ఆయకట్టు తెలంగాణలో మిగిలింది. తూము ఒక రాష్ట్రంలో, పొలం ఇంకో రాష్ట్రంలో, ఎదుటి గట్టున కర్నూలు–కడప కాలువ రైతులు. చివరి భూములకు నీరందక ఆర్డీఎస్ రైతులు తరాలుగా ధర్నాలు చేశారు. ఒక గీతను పటం మీద గీసినవారికి ఆ గీత ఎవరి పొలాన్ని ఎండగడుతుందో చూడవలసిన బాధ్యత ఉండాలి. ఇక్కడ ఆ బాధ్యతను ఎవరూ తీసుకోలేదు.

కృష్ణా జలాల పంపకానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఈ అన్యాయాన్ని గుర్తించింది. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్ ప్రాంతానికి సాగునీరు దొరికే అవకాశాలు మెరుగ్గా ఉండేవని, పునర్వ్యవస్థీకరణ కారణంగా ఈ ప్రాంతం ఆ లాభం పోగొట్టుకోకూడదని అభిప్రాయపడింది. అందుకే కృష్ణ మీది జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించింది. ఒక న్యాయస్థానం అంత స్పష్టంగా చెప్పినా, 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల నీళ్లు పొలాలకు చేరడానికి 1990ల నడిమి దాకా ఆగవలసి వచ్చింది. ఆయకట్టు సుమారు లక్ష ఎకరాలు. కృష్ణ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన 811 టీఎంసీల పక్కన పెట్టి చూస్తే ఈ వాటా ఎంత చిన్నదో తెలుస్తుంది.

జూరాల ఇవ్వలేకపోయినదానికన్నా శ్రీశైలం తీసుకున్నది ఎక్కువ. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్షమందికి పైగా మనుషులు కదలవలసి వచ్చింది. 1981లో చాలాచోట్ల పోలీసుల సాయంతో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు. పరిహారం నేలకు కట్టారు. నేల లేని కూలీకి, జాలరికి, చేనేత మనిషికి ఆ లెక్కలో చోటు దొరకలేదు. నదిగట్టు నేలలో ఏటా వరద తగ్గాక పంట తీసుకునే హక్కుకు, అడవి మేతకు వెల కట్టే పద్ధతే లేదు. ఇంటికొక ఉద్యోగం ఇస్తామంటూ 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో కింద ఉద్యోగాల కోసం ముంపు కుటుంబాల రెండో తరం కూడా కార్యాలయాల చుట్టూ తిరిగింది.

అదే జలాశయం కింద మునిగిపోయే గుళ్లకు ప్రభుత్వం చేసింది వేరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి అలంపూర్‌లో తిరిగి కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ ఒడ్డుకు చేర్చారు. పురావస్తు శాఖ ఆ పనిని ఎంతో ఓర్పుతో, నేర్పుతో చేసింది, దానికి మెచ్చుకోవాలి. ఒక్కో రాతికి నంబరు వేయగలిగిన ప్రభుత్వానికి ఒక్కో కుటుంబం ఎక్కడికి పోయిందో రాసిపెట్టుకోవడం చేతకాని పని కాదు. అంత అక్కర దానికి లేదు.

ఘనాలో వోల్టా నది మీద ఆకొసొంబో ఆనకట్ట 1965లో పూర్తయింది. సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల సరస్సు తయారైంది. ఏడు వందలకు పైగా ఊళ్ల నుంచి దాదాపు 80,000 మందిని లేపి 52 కొత్త కాలనీల్లో దింపారు. శ్రీశైలంతో పోలిస్తే అక్కడ పునరావాసం ప్రణాళిక ప్రకారం జరిగిందనే చెప్పాలి. అయినా కాలనీల్లో ఇచ్చిన నేల చాలక చాలామంది విడిచిపోయారు. కరెంటులో పెద్ద వంతు టెమాలో అమెరికా కంపెనీలు పెట్టిన అల్యూమినియం కర్మాగారానికి చవక ధరకు వెళ్లింది. సరస్సు అంచున ఉన్న ఊళ్లు చాలాకాలం చీకట్లో ఉన్నాయి. దేశాధ్యక్షుడు క్వామే ఎన్‌క్రూమా 1966 జనవరిలో ఆ ఆనకట్టను ప్రారంభించారు. తర్వాతి నెల 24న సైన్యం ఆయన్ను దించేసింది. కోకో ధర పడిపోవడం, అప్పులు, ఒకే పార్టీ పాలన కలిసి ఆయన్ను దించాయి. పెద్ద నిర్మాణం ప్రభుత్వాన్ని కాపాడదని ఘనాకు అప్పుడే తెలిసింది.

పాలమూరు ఎత్తిపోతల కథ కొంత వేరు. కొల్లాపురం దగ్గరి రేగుమానుగడ్డ నుంచి నీళ్లు తోడే కల్వకుర్తి పథకం, జూరాల వెనుక నీళ్లు తీసుకునే నెట్టెంపాడు, భీమా పథకాలు ఆలస్యంగానైనా పని మొదలుపెట్టాయి. చెరువులు నిండాయి. వేరుశనగ, జొన్న పండిన చోట వరి వచ్చింది. వలస బాగా తగ్గింది. నాట్లకు బిహార్, బెంగాల్ నుంచి కూలీలు ఈ జిల్లాలకే వచ్చే రోజు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు, దీన్ని చూసి సంతోషించాలి. అయితే ఈ నీళ్లకు కరెంటు ఖర్చు ఉంది, హక్కు బలహీనంగా ఉంది. 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు వచ్చాయి. రెండు రాష్ట్రాల మధ్య అసలు పంపకం చేయమని 2023లో కేంద్రం రెండో కృష్ణా ట్రిబ్యునల్‌కు కొత్త బాధ్యత అప్పగించింది. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి పథకంలో మొదటి పంపు 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర తిరిగింది, ఏడాదికి వట్టెం పంపుహౌస్ వరదలో మునిగింది. నదికి ఎగువన పొరుగువాడు ఉండటం ఘనాకూ అనుభవమే. బుర్కినా ఫాసోలోని బాగ్రే ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడల్లా ఘనా ఉత్తరాది పొలాలు మునుగుతాయి.

వ్యవసాయంలోనే ఇంకో సంగతి ఉంది. గద్వాల ప్రాంతపు గట్టు, ధరూర్, మల్దకల్, అయిజ మండలాలు దేశానికి హైబ్రిడ్ పత్తి విత్తనం ఇస్తున్నాయి. సీడు పత్తి పనంతా చేతులతోనే. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగపువ్వుతో క్రాసింగ్ చేయాలి. రోజుల తరబడి, వరసగా, వేల పూలు. పొట్టిగా ఉండే మొక్కకు చిన్న చేతులు అనువుగా ఉంటాయంటూ బడి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను దింపడం ఇక్కడి పెద్ద పాపం. కంపెనీ రైతుతో నేరుగా ఒప్పందం చేసుకోదు. నడుమ ఆర్గనైజర్ ఉంటాడు, అప్పు ఇచ్చేదీ అతడే, విత్తనం కొనేదీ అతడే. మొలక పరీక్షలో విత్తనం తప్పిందంటే నష్టమంతా రైతుదే. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలోని అన్ని జిల్లాల కన్నా తక్కువ. ఈ రెండు సంగతులనూ విడదీసి చూడలేం. ఘనా కోకో తోటల్లోనూ బాలకార్మికులు ఉన్నారు. ప్రపంచంలో కోట్ దివ్వార్ తర్వాత ఎక్కువ కోకో అక్కడే పండుతుంది, చాక్లెట్ మీద లాభం ఐరోపాలో మిగులుతుంది. 1937–38లో అక్కడి రైతులు యూరోపియన్ కంపెనీలకు కోకో అమ్మబోమని నెలల తరబడి నిలబడ్డారు. ఆ ఐక్యత సీడు పత్తి రైతులకు ఇంకా రావలసి ఉంది.

రాజకీయాల్లో ఈ సీమకు పెద్ద మనుషులు కరువు కాలేదు. హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ఏకైక ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు పాలమూరు వాడు. నడిగడ్డలోని ఇటికాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్.టి.రామారావును కల్వకుర్తి ఓటరు ఓడించాడు. తెలంగాణ రాష్ట్ర బిల్లు పార్లమెంటులో నెగ్గిన వేళకు కె.చంద్రశేఖరరావు మహబూబ్‌నగర్ ఎంపీ. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డిది నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి. ఇంతమంది ఉన్నా సీమ వెనుకబడిందంటే నాయకుడు ఎక్కడివాడన్నది జవాబు కాదు. గ్రామ సభ తీర్మానానికి, ఆయకట్టు రైతుల సంఘానికి, జిల్లా పరిషత్తుకు నిధుల మీదా నీటి మీదా అధికారం లేకపోతే, ముఖ్యమంత్రి సొంత జిల్లా కూడా దరఖాస్తు పెట్టుకునే చోటే అవుతుంది. ఘనా 1966 నుంచి 1981 దాకా సైనిక తిరుగుబాట్లలో నలిగి, 1992 రాజ్యాంగంతో నిలదొక్కుకుంది. అప్పటి నుంచి అధికారం ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి పలుమార్లు శాంతిగా మారింది. అయినా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేయవలసి వచ్చింది, ద్రవ్యోల్బణం 54 శాతం దాటింది, 2023లో ఐఎంఎఫ్ నుంచి 300 కోట్ల డాలర్ల సాయం తీసుకుంది. ఎన్నికలు సక్రమంగా జరగడం చాలా విలువైనది, కానీ అది ఖజానా తలుపును జనానికి తెరవదు.

భద్రత అన్న మాటకు ఈ జిల్లాల్లో రెండు అర్థాలు నడిచాయి. ఒకటి రాజ్యానిది. నల్లమలలో పీపుల్స్‌వార్ బలంగా ఉన్న రోజుల్లో, 1993 నవంబరు 14న సోమశిల దగ్గర మందుపాతర పేలి ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన వెంట ఉన్న పోలీసులు చనిపోయారు. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగాయి, విఫలమయ్యాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్యకు గురయ్యారు, రెండు రోజులకే ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద నిషేధం పెట్టింది. ఈ రెండు వైపుల తుపాకుల నడుమ నలిగింది నల్లమల ఆదివాసులైన చెంచులు. ఒక రాత్రి అన్నం పెట్టినందుకు ఒకరికి, దారి చూపినందుకు ఇంకొకరికి అనుమానితులయ్యారు. హత్యలతో న్యాయం రాలేదు, ఎన్‌కౌంటర్లతో కూడా రాలేదు.

రెండోది బతుకు భద్రత. నల్లమలలో యురేనియం సర్వేకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా అంగీకరించినప్పుడు అమ్రాబాద్ ఊళ్లు లేచి నిలబడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. తుపాకీ సాధించలేనిది ఊరేగింపు సాధించింది. 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న రైతులను అరెస్టు చేసి బేడీలతో కోర్టుకు తెచ్చారు. సొంత నేల, నీరు కాపాడుకునే రైతును శాంతిభద్రతల సమస్యగా చూసే అలవాటు మంచిది కాదు. ఘనా ఇదే చౌరస్తాలో ఉంది. ఉత్తర సరిహద్దు అవతల బుర్కినా ఫాసోలో జిహాదీ దళాలు ఊళ్లను ఖాళీ చేయిస్తున్నాయి. సరిహద్దు లోపల బావ్కులో రెండు తెగల మధ్య పెద్దరికం తగాదా ప్రాణాలు తీస్తోంది. దక్షిణాన దొంగచాటు బంగారు తవ్వకం ప్రా, అంకోబ్రా నదులను బురద చేసింది. పని లేని యువకుడు ఈ మూడింటిలో ఏ వైపుకైనా వెళ్లగలడు. అందుకే ఉత్తరాదికి బడి, నీరు, పని ఇవ్వడం అక్కడి సైన్యానికి కూడా అవసరమైన పని.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. నల్గొండకు కృష్ణా నీళ్లు తీసుకుపోవడానికి దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన సొరంగం అది. చిక్కుకున్నవారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కశ్మీర్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. నెలల గాలింపులో రెండు మృతదేహాలే దొరికాయి. దేశమంతా తిరిగి మట్టి మోసిన సీమలో ఇప్పుడు ఇతర సీమల మనుషులు మట్టిలో ఉండిపోయారు. వాళ్ల పేర్లు నమోదు చేసి, బీమా, భత్యం, రక్షణ చూడవలసిన బాధ్యత గురించి ఈ జిల్లాల కన్నా బాగా ఎవరికి తెలియాలి?

చేయవలసిన పనులు పెద్ద గ్రంథం కానక్కరలేదు. వలస వెళ్లినా, వలస వచ్చినా ప్రతి కూలీ పేరు కార్మిక శాఖ పుస్తకంలో ఎక్కాలి. ఆర్గనైజర్ల ఒప్పందాలు రాతపూర్వకంగా, తెలుగులో, రైతు చేతికి రావాలి. ఆర్డీఎస్‌లో ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు చివరి తూముకు చేరాయో ఊరి పంచాయతీ గోడ మీద రాయాలి. చెంచులకు అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టాలు ఇవ్వాలి. పాలమూరు–రంగారెడ్డికి భూములు ఇచ్చిన ఊళ్లలో మొదట 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనపెట్టి జీవో 123 కింద కొనుగోళ్లు జరిగాయి, హైకోర్టు దానికి అడ్డుచెప్పింది. నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాల కింద ఇల్లు పోయినవారికి ఇళ్లు, నేల పోయినవారికి న్యాయమైన వెల, నేల లేనివారికి బతుకుదెరువు పూర్తిగా అందించి, ఆ జాబితాను ఊరి ముందు చదివి, ఆ తర్వాతే జలాశయాలను నిండా నింపాలి. శ్రీశైలంలో నీళ్లు ముందు వచ్చాయి.